మావయ్యకు నచ్చిన కుర్చీ

మావయ్య పోయాడన్న కబురు నాకు మాచర్ల బస్టాండులో తెలిసింది. ఒక గుడి వాళ్ళతో విగ్రహం సంగతి మాట్లాడుకుని దుర్గి బస్సు కోసం నిలబడి ఉన్నాను. మావయ్య కూతురు ఫోన్ చేసింది. "బావా, నాన్న పోయాడు. ఇందాకే. కుర్చీలో కూర్చునే పోయాడు" అంది. ఆ తర్వాత ఆమె ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు నాకు తోచింది వేరే. ఆఖరి ఊపిరి దగ్గర ఆయన్ని పట్టుకుని ఉన్నది ఆ కుర్చీయే గదా అనిపించింది. నేను మాచర్లలో బస్సుల మధ్య ఉన్నాను. అది ఆయన వీపు కింద ఉంది.

కుర్చీ మీద కుళ్ళేందని మీకు అనిపించవచ్చు. మావయ్య గురించి చెప్పాలంటే నాకు ఆ కుళ్ళు గురించి చెప్పక తప్పదు.

మాది దుర్గి. రాయి చెక్కుకుని బతికే ఊరు. ఆయన మా అమ్మకి వరసకి అన్న. నాకు ఉలి పట్టుకోవడం నేర్పింది ఆయనే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తలకి తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. కొత్త రాయి వస్తే దాని మీద చెంబెడు నీళ్ళు పోసి ఎదురుగా కూర్చునేవాడు. నీళ్ళు ఎక్కడ ముందు ఆరుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అని చూసేవాడు. లోపల పగులుంటే నీళ్ళు చెబుతాయంటాడు. అది పూర్తిగా ఆరేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. మధ్యాహ్నం పాకలోనే, రాతిపొడి మధ్యలోనే, పెరుగన్నం ఉల్లిపాయతో తినేవాడు. తింటూ కూడా కళ్ళు రాయి మీదే.

మాటలు తక్కువ. మెచ్చుకోలు అసలు లేదు. విగ్రహం పూర్తయితే ఒకసారి చుట్టూ తిరిగి "సరే, దించు" అనేవాడు. అంటే పీట మీద నుంచి దించి బండెక్కించమని. అదే మాకు సర్టిఫికెట్.

నేను పనిలో చురుకు. ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. దేవుడి నగల్లో ప్రతి పూసా విడిగా కనపడేట్టు చెక్కేవాణ్ణి. ఒకసారి ఒకే రాతిలోంచి గొలుసు తీశాను. లంకెకి లంకె కదిలే గొలుసు, అమ్మవారి చేతి నుంచి వేలాడుతూ. జనం వచ్చి వేలితో కదిలించి చూసి వెళ్ళేవాళ్ళు. ఫొటోలు తీసుకున్నారు. మావయ్య కూడా కదిలించి చూశాడు. "గొలుసు బాగుందిరా. వచ్చినోళ్ళంతా గొలుసే చూస్తే అమ్మకి దణ్ణం పెట్టేదెవురు?" అని వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

అట్లాంటి మనిషి ఒక కుర్చీ మీద మనసు పారేసుకున్నాడు.

చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగు మిల్లు వాళ్ళు కొత్తగా ఇంకో యూనిట్ కడుతూ, గేటు దగ్గరికి వినాయకుడు కావాలన్నారు. కొలతలు చూసుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. మిల్లాయన ఇంట్లో కూర్చోబెట్టారు. హాల్లో ఒక మూల ఉంది అది. మిల్లుకి యంత్రాలు చైనా నుంచి తెప్పించారట. అమ్మినవాళ్ళు మర్యాద కోసం ఈ కుర్చీని కూడా అదే కంటైనర్లో పెట్టి పంపారట.

నా కంటికి దాంట్లో ఏమీ ఆనలేదు. గుండ్రటి కాళ్ళు నాలుగు. చింతపిక్క రంగు కొయ్య. వీపు వెనక మొదలైన ఒకే కొయ్య కమ్మీ రెండు పక్కలకీ వంగి దిగుతూ, చేతులు పెట్టుకునే చోటికి వచ్చి ఆగింది, గుర్రపు నాడా లాగా. వీపు ఆనడానికి నడుమ ఒక్క పలక. అది తిన్నగా లేదు, మనిషి వెన్ను ఉన్నట్టే సన్నటి వంపుతో ఉంది. ఎక్కడా మేకు తల కనపడదు. పలక పైభాగాన, నిమ్మకాయంత చోటులో, మబ్బు లాంటి చిన్న చెక్కడం. మిగిలిందంతా వట్టి కొయ్య.

మావయ్య కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కాఫీ తాగడం మర్చిపోయాడు. మిల్లాయన భార్యకి నవ్వొచ్చింది. "దాంట్లో ఏముందండీ అంతగా చూస్తన్నారు? కుషన్ లేదు, డిజైన్ లేదు. పట్టుమని పది నిమిషాలు కూర్చుంటే మావారికి నడుం లాగుద్ది" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఆ ఇంట్లో అది చుట్టాలు వచ్చినప్పుడు బ్యాగులు పెట్టుకునే కుర్చీ.

ఆ రోజు అక్కడ చెక్క పనికి నరసరావుపేట నుంచి మస్తాన్ భాయ్ వచ్చి ఉన్నాడు. సోఫాలు, మంచాలు చేసి అమ్మే షాపు ఆయనది. కుర్చీని తిరగేసి, అతుకులు చూసి, పనితనం గట్టిదేనని ఒప్పుకున్నాడు. కానీ తన షాపు ముందు ఇట్లాంటిది పెడితే ఎవరూ కొనరని కూడా చెప్పాడు. "ఇంకా పని పూర్తి గాలేదా భాయ్ అనడుగుతారు" అని నవ్వాడు. ఆయన దగ్గరికి వచ్చే వాళ్ళకి చేతుల మీద సింహం తలలు కావాలి, తల దగ్గర నెమళ్ళు కావాలి, మొహం కనపడేంత మెరుపు కావాలి.

తిరుగు ప్రయాణంలో నరసరావుపేటలో బస్సు మారి కూర్చున్నాక, మావయ్య తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"చెయ్యి ఆపుకున్నాడురా."

"ఎవరు మావయ్యా?"

"ఆ కుర్చీ చేసినోడు. అంత నున్నటి పలక చేతిలో ఉంటే చెక్కబుద్ధి గాకుండా ఉంటదా? నిమ్మకాయంత చెక్కి ఉలి కింద పెట్టాడు. ఇన్నేళ్ళల్లో నా వల్ల గాలేదది."

ఆ మాట విన్నప్పుడు కిటికీలోంచి మిరపచేలు చూస్తూ కూర్చున్నాను. నా గొలుసు మీద ఆయన అంత సేపు ఆలోచించి ఉంటాడా అని లెక్కేసుకున్నాను. అప్పుడు మొదలైంది నాలో ఈ కుళ్ళు.

వినాయకుణ్ణి తీసుకుపోయి నిలబెట్టేసరికి ఆ ఇంట్లోకి కొత్త సోఫా వచ్చింది. కుర్చీ వెనక వరండాలో ఎండలో ఉంది. దాని కమ్మీ మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. మావయ్య జీవితంలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ రోజు మిల్లాయన భార్య దగ్గరికి వెళ్ళి, అది వాళ్ళకి అడ్డంగా ఉంటే తన దగ్గర ఉంచుకుంటానని అడిగాడు. ఆమె వెంటనే తువ్వాళ్ళు తీసేసి, దుమ్ము దులిపి మరీ ఇచ్చింది. ఇంత చిన్నదానికి అడగాలా అంది.

వ్యాన్లో నన్ను ముందు డ్రైవర్ పక్కన కూర్చోమని, ఆయన వెనక ఎక్కాడు. దారి పొడుగునా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు, గుంత వస్తే రెండు చేతులా ఎత్తిపట్టుకుని. అంతకుముందే నేను చేసిన నిలువెత్తు ఆంజనేయుణ్ణి గురజాల తీసుకుపోయినప్పుడు ఈ మనిషే ముందు సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయాడు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ నేను అదే తలుచుకున్నాను.

అత్తయ్య దానికి మొదటి రోజే పేరు పెట్టింది, సవతి అని. ఆయన పొద్దున్నే లేచి ముందు దాని దుమ్ము తుడిచేవాడు, పాత మెత్తటి పంచె గుడ్డతో, కమ్మీ ఒక కొస నుంచి రెండో కొస దాకా. పాకలో రాతిపొడి పడని మూల చూసి పెట్టాడు. కాళ్ళ కింద గోనెపట్టా పరిచాడు.

ఊళ్ళో వాళ్ళు చైనా కుర్చీ చూడ్డానికి వచ్చేవాళ్ళు. సెల్ ఫోన్ షాపు కుర్రాడు చైనా సరుకు ఎన్నాళ్ళుంటదని తేల్చేశాడు. హైస్కూల్ మాస్టారు చాలాసేపు చెక్కడం కోసం వెతికి, ఆ మబ్బు దొరికాక, ఇదేనా అని వెళ్ళిపోయాడు. మా పాకలో పనిచేసే మిగతావాళ్ళు కాళ్ళు సన్నగా ఉన్నాయి, బరువాగదు అన్నారు. పక్కింటి పెద్దరైతు మాత్రం మిరపచేలో నుంచి వస్తూ, అడగకుండానే అందులో కూలబడ్డాడు. వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఎవుడోగానీ నా వీపు చూసి చేసినట్టుంది" అన్నాడు. ఆ మాటకి మావయ్య మొహంలో వచ్చిన వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. తన విగ్రహాన్ని ఎవరైనా పొగిడినా అట్లా వెలగలేదు.

నేను ఊరుకోలేకపోయాను. మా దుర్గి రాయితో ఒక కుర్చీ చెక్కాను. చేతుల దగ్గర రెండు సింహాలు, వీపున తీగెలు, తీగెల్లో చిలకలు. ఆ కుర్చీ చైనావాడు చూస్తే తలదించుకోవాలి అన్నంత పట్టుదలతో చేశాను. నరసరావుపేటలో ఒక ఫంక్షన్ హాల్ వాళ్ళు ముచ్చటపడి తీసుకుపోయి స్టేజీ మీద పెట్టారు. పెళ్ళికూతుళ్ళంతా దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నారు, ఇప్పటికీ. జనానికి అది అందం. నేను కాదనను. నాకూ అది అందంగానే ఉంది.

చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు మావయ్య దాన్ని అక్కడ చూశాడు. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. చారు పోసుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఆ పిల్ల మొహం చూద్దామంటే సింహాలు అడ్డమొస్తన్నయ్యిరా" అన్నాడు. మజ్జిగ కోసం ఆగకుండా నేను లేచి వెళ్ళిపోయాను. చాలా రోజులు ఆ పాక వైపు పోలేదు.

అట్లా ఉన్న రోజుల్లో మిల్లాయన కొడుకు ఏదో పని మీద మాచర్ల వెళుతూ దుర్గిలో ఆగాడు. చదువుకున్న కుర్రాడు, యంత్రాల కోసం చైనా పోయి వస్తుంటాడు. రోడ్డు మీద నేను కనపడితే, వాళ్ళింటి నుంచి తెచ్చిన కుర్చీ ఎట్లా ఉందని అడిగాడు. మావయ్య దాన్ని నూరేళ్ళ నాటిదన్నట్టు చూసుకుంటున్నాడని చెప్పాను. ఆ కుర్రాడు నవ్వి, అది పాతదేం కాదని, పాత పద్ధతిలో ఇప్పుడు చేసేవేనని, ఒక ఊళ్ళో వీధి పొడుగునా అవే షాపులని చెప్పాడు. యంత్రాలు అమ్మినవాళ్ళు తనని అక్కడికి తీసుకుపోయారట. ఫోన్లో వీడియో కూడా చూపించాడు.

నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. అలక మర్చిపోయి, ఆ కుర్రాణ్ణి నేనే దగ్గరుండి పాకకి తీసుకుపోయాను.

మావయ్య ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. వీడియోలో ఒక చిన్న షెడ్డు. చెక్క పొట్టు మధ్యలో నా వయసు మనిషి ఒకడు, రబ్బరు చెప్పులేసుకుని, వంగిన కమ్మీని ఒళ్ళో పెట్టుకుని నున్నగా గీస్తున్నాడు. వెనకాల గోడకి అట్లాంటి కుర్చీలే వరసగా ఉన్నాయి. ఆ మనిషి తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. మావయ్య మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ చూశాడు. నేను ఆయన మొహం వాడిపోతుందేమోనని చూస్తున్నాను.

"అయితే చేసినోడు బతికే ఉన్నాడన్నమాట" అన్నాడు. "నయం."

ఇంకోసారి వెయ్యమని, ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడ్రా. దెబ్బ తగిలినట్టుంది పాపం" అన్నాడు.

ఇన్నేళ్ళల్లో నా వేళ్ళు ఎన్నిసార్లు తెగాయో. పసుపు పెట్టుకో అనేవాడు, అంతే. సముద్రాల అవతల, పేరు తెలియని మనిషి బొటనవేలికి ఈయన మనసు విలవిల్లాడింది. పైగా అంతకుముందు నా శత్రువు ఎప్పుడో చచ్చిపోయిన ఎవడో ముసలి వడ్రంగి అనుకున్నాను. ఇప్పుడు వాడికి ఒక మొహం వచ్చింది. నా ఈడువాడు. ఇవాళ కూడా పనిలో కూర్చుని ఉంటాడు.

మిల్లాయన కొడుకు వెళ్ళిపోయాక నేను అడిగేశాను.

"నేను చేసినదాంట్లో ఒక్కటన్నా నీకట్టా అనిపించిందా మావయ్యా? ఒక్కటన్నా?"

ఆయన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నీకు అన్నీ వచ్చురా. నాకన్నా బాగా వచ్చు. ఏడుపేందంటే, వచ్చినవన్నీ చేస్తావు."

నేను తల వంచుకుని రాతి ముక్క ఒకటి కాలితో నెడుతున్నాను.

"నేనూ అంతేగా. ఈ కుర్చీ కంటపడిందాకా నాకూ తెలవదు. నీకు దీని మీద కుళ్ళని నాకు తెలుసు. నాకు నీకన్నా కుళ్ళు. పొద్దున్నే లేచి దీన్ని తుడిచేది భక్తనుకున్నావా?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"కుళ్ళుండాలిరా పనోడికి. లేకపోతే చెయ్యి మొద్దుబారిద్ది. కాకపోతే, పడితే మంచోడి మీద పడాల."

నేను ఆయన నుంచి విన్న పెద్ద ప్రసంగం ఇదే. నన్ను ఓదార్చడానికి అన్నాడా, నిజంగానే అన్నాడా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. కానీ ఆ తర్వాత ఆయన మొదలుపెట్టిన పని చూశాక, నిజమేననిపించింది.

బొల్లాపల్లి వైపు ఒక మెట్టచేల ఊళ్ళో చిన్న శివాలయం. వాళ్ళకి నంది కావాలి. మావయ్య రాయి మీద నీళ్ళు పోసి రోజుల తరబడి చూశాడు. అప్పటికే ఆయనకి ఆయాసం మొదలైంది. బతుకంతా పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు డాక్టర్లు. పొడి దగ్గరికి పోవద్దన్నారు. ఆయన ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని చెక్కాడు. మా నందులకి వీపు నిండా పట్టెడలు, గంటలు, గజ్జెలు, అంచు కుట్టిన దుప్పటి ఉంటాయి. ఈయన నంది వీపు మీద అవేవీ పెట్టలేదు. మూపురం నుంచి తోక దాకా ఒకే వంపు, అడ్డం లేకుండా. ఆ వంపు కోసం నెలలు పట్టింది. తీసిన కొద్దీ ఇంకా కొంచెం తియ్యాలంటాడు.

మెడ దగ్గరికి వచ్చేసరికి ఆయాసం ఎక్కువైంది. నన్ను పిలిచి ఉలి నా చేతిలో పెట్టాడు. "మెడలో ఒక్క గంట చెక్కు. ఒక్కటే" అన్నాడు. చెక్కాను. గంట తాడుకి ఒక మెలిక వేద్దామని చెయ్యి లాగింది. ఆయన పక్కనే ఉన్నాడు. వెయ్యలేదు. ఆయన చూశాడు. పళ్ళెంలో నుంచి ఒక ఉల్లిపాయ ముక్క తీసి నాకిచ్చాడు, తినమని.

దాని తర్వాత ఆయన ఇంకేమీ చెక్కలేదు. పడుకుంటే ఊపిరాడేది కాదు. మంచం మీద దిండ్లు పేర్చాం, జారిపోయేవాడు. పడక్కుర్చీ తెచ్చాం, అందులో వెనక్కి వాలితే దగ్గు ఆగేది కాదు. ఆఖరికి చైనా కుర్చీలో కూర్చోబెడితే కుదురుకున్నాడు. వీపు నిటారుగా ఉండేది, చేతులు ఆ కమ్మీ మీద ఆనేవి, ఊపిరి తేలికగా ఆడేది. పగలంతా అందులోనే. అత్తయ్య కాళ్ళ కింద పీట వేసి, అక్కడే అన్నం కలిపి పెట్టేది. "ఎన్ని తిట్టానో దీన్ని. నా వల్ల గాని పని ఇది చేస్తంది" అని నాతో అంది ఒకసారి. నేను ఆయన చంకల కింద చేతులేసి లేపేవాణ్ణి, కూర్చోబెట్టేవాణ్ణి. నా చేతుల్లో ఉన్నంతసేపూ ఆయన రొప్పేవాడు. అందులో కూర్చోగానే మొహం తేటపడేది. నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి.

అట్లా ఒక పొద్దున, నేను మాచర్లలో ఉండగా, వెళ్ళిపోయాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక అత్తయ్య నన్ను పిలిచి కుర్చీ తీసుకుపొమ్మంది. ఆయన ఉండగా దాని మీద ఒక్కరోజన్నా నా కన్ను పడకుండా లేదని ఆమెకి తెలుసు. తీసుకోలేదు. నా ఇంట్లో ఉంటే అది నా సామాను అయిపోతుంది, నాలుగు రోజులకి దాని మీద చొక్కాలు వేస్తాను. అక్కడే ఉండనివ్వమన్నాను. మధ్యమధ్య వచ్చి చూసి, కుళ్ళుకుని పోతానన్నాను. అన్ని రోజుల తర్వాత అత్తయ్య అప్పుడే కాస్త నవ్వింది.

మొన్న బొల్లాపల్లి మీదుగా పోవాల్సిన పని పడితే, ఆ శివాలయం ఉన్న ఊళ్ళో ఆగాను. మధ్యాహ్నం. గుడి తలుపులు వేసి ఉన్నాయి. బయట వేపచెట్టు నీడలో గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. నంది ఉన్న అరుగు మీద గొర్రెల కాపరి ఒకాయన, ముసలాయన, నిద్రపోతున్నాడు. దుప్పటి మడిచి తల కింద పెట్టుకుని, నంది పక్కకి ఆనుకుని, ఒక చెయ్యి దాని వీపు మీద వేసి. సొంత ఎద్దు మీద వేసినట్టు.

నాకు ఆ వంపు మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలని ఉంది. ముసలాయన లేస్తాడేమోనని గొర్రెల పక్కనే నిలబడ్డాను. లేవలేదు. ఎండ మెల్లగా జరిగి మూపురం మీదికి వచ్చింది. అక్కడి నుంచి నున్నటి వీపు మీదుగా ఎక్కడా తట్టుకోకుండా జారి, ఆయన చేతి వేళ్ళ దగ్గరికి చేరింది.